నెలకో మిల్లీమీటరు

నారాయణఖేడ్‌లో పిల్లల పళ్ళకు క్లిప్పులు వేయించాలనుకున్న ఇంట్లో మొదట తేలాల్సింది బస్సు సంగతి. బీదరుకా, సంగారెడ్డికా, హైదరాబాదుకా? 1956లో రాష్ట్రాల సరిహద్దులు గీసేదాకా ఈ తాలూకా బీదరు జిల్లాలోదే. తర్వాత మెదక్‌లో కలిసింది, 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా, పెద్ద జబ్బు చేస్తే బీదరు దారి పట్టేవాళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నారు. బీదరులో ఎస్.బి. పాటిల్ దంత వైద్య కళాశాల ఉంది. సంగారెడ్డిలో ఎం.ఎన్.ఆర్. దంత వైద్య కళాశాల, హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో 1959 నాటి ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. కళాశాలల్లో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కళ్ళ ముందు వైద్యం చేస్తారు కాబట్టి ఖర్చు ప్రైవేటు క్లినిక్కుకంటే బాగా తక్కువ. చిన్న పట్నాల క్లినిక్కులకు నెలకోసారో రెండుసార్లో వచ్చి పోయే ఆర్థోడాంటిస్టులూ ఉంటారు. ఐదేళ్ళ బీడీఎస్ మీద మూడేళ్ళ ఎండీఎస్ చేసి, పళ్ళ వరస సరిచేయడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు వీళ్ళు.

ఎక్కడికెళ్ళినా ఒక్క పూటతో తెమిలే పని కాదిది. నెలకో, ఆరు వారాలకో ఒకసారి చొప్పున ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు తిరగాలి. "ఒక్కసారే గట్టిగ బిగించి జల్ది అయిపోగొట్టరాదా సారూ?" అని తండ్రులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం తీగలో దొరకదు, దవడ ఎముకలో ఉంది.

పన్ను ఎముకకు అతుక్కుని ఉండదు. రెంటికీ మధ్య మిల్లీమీటరులో ఐదో వంతు సందు ఉంటుంది. ఆ సందు నిండా సన్నటి నారపోగులు, రక్తనాళాలు, నరాలు. నులకమంచం పట్టెల మధ్య మనిషి ఎలా వేలాడతాడో, ఎముక గుంటలో పన్ను ఈ పోగుల మీద అలా వేలాడుతుంది. రొట్టె నమిలేటప్పుడు పడే బరువు ఎక్కువే, కానీ అది క్షణంలో వచ్చి పోతుంది, పోగులు కాచుకుంటాయి. తక్కువ బరువే అయినా గంటల తరబడి ఒకే పక్కకు నెడుతూ ఉంటే కథ వేరు. ముందు వైపు పోగులు నలుగుతాయి, వెనక వైపువి సాగుతాయి. నలిగిన వైపు ఎముకను తినే కణాలు పుట్టుకొస్తాయి, సాగిన వైపు ఎముకను కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. ముందు గోడ కరుగుతూ, వెనక గోడ లేస్తూ ఉంటే పన్ను తన గుంటతో సహా జరుగుతుంది. స్వీడన్ దంత వైద్యుడు కార్ల్ సాండ్‌స్టెడ్ కుక్కల పళ్ళకు తీగ కట్టి, ఎముకను పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూసి 1904లో ఈ సంగతి చెప్పాడు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆర్థోడాంటిక్స్ మొత్తం ఆ రెండు రకాల కణాల మీదే నడుస్తోంది.

సాండ్‌స్టెడ్ ఇంకోటి కూడా గమనించాడు, నా లెక్కలో అదే పెద్ద విషయం. బలం ఎక్కువైతే నలిగిన వైపు రక్తనాళాలు మూసుకుపోతాయి. అక్కడి కణజాలం చచ్చి గాజులా మెరుస్తుంది. చచ్చిన చోట ఎముకను తినే కణాలు పుట్టవు. దూరం నుంచి, ఎముక వెనక నుంచి తొలుచుకుంటూ రావాలి. అప్పటిదాకా, అంటే రెండు మూడు వారాలు, పన్ను కదలదు. నొప్పి మాత్రం ఉంటుంది. వేరు కొస కూడా అరిగిపోవచ్చు. 1932లో ష్వార్ట్జ్ అనే ఆయన దీనికో కొలత చెప్పాడు: పంటి మీద నొక్కుడు సన్నటి రక్తకేశనాళికల్లోని ఒత్తిడిని మించకూడదు, అంటే చదరపు సెంటీమీటరుకు ఇరవై నుంచి ఇరవై ఆరు గ్రాములు. ఆ బలం వేరంతటా పరచుకుంటుంది కాబట్టి నేడు చాలా కదలికలకు వాడేది యాభై నుంచి వంద గ్రాముల దాకా, కొన్నింటికి ఇంకొంచెం ఎక్కువ. ఆ బలానికి ఎముక ఇచ్చే జోరు నెలకు సుమారు ఒక మిల్లీమీటరు. గుంపుగా ఉన్న పళ్ళకు చోటు చేయడానికి ఒక చిన్న దవడపన్ను తీస్తే ఏడు మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది. అది మూయడానికే ఏడెనిమిది నెలలు. దానికి ముందు వంకర్లు తీయడం, తర్వాత పై పళ్ళు కింది పళ్ళ మీద సరిగ్గా కూర్చునేలా చూడడం. రెండేళ్ళు ఇలా వచ్చాయి. ఎంత గట్టిగా బిగించినా ఆ తండ్రికి నెలలు మిగలవు, కొన్నిసార్లు పెరుగుతాయి కూడా.

పిల్లల విషయంలో ఒక మేలు ఉంది: సరైన వయసులో చూస్తే సగం పని ఎదుగుదలే చేసిపెడుతుంది. అయితే నారాయణఖేడ్ లాంటి చోట ఆ వయసులో నోరు తెరిపించి చూసేవాళ్ళు తక్కువ. పాలపళ్ళు ఇరవై. ఆరేళ్ళప్పుడు వాటన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే, మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి అది కూడా పాలపన్నేనని ఇంట్లో అనుకుంటారు. దాన్ని పుచ్చనిస్తారు. బతుకంతా నమలాల్సిన పన్ను అలా పదేళ్ళకే పోతుంది.

అంతకంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇంకొకటి ఉంది: "ఎట్లైనా ఊడిపోయే పన్నే గద సారూ, పీకేయుండ్రి." పాల దవడపళ్ళు తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ మధ్య ఊడాలి. పుచ్చిందని ఆరేడేళ్ళకే పీకేస్తే కింద వచ్చే పన్నుకు ఇంకా నాలుగైదేళ్ళ గడువుంది. ఈలోగా వెనకనున్న ఆరేళ్ళ దవడపన్ను ఖాళీ చూసుకుని ముందుకు వాలుతుంది. పన్నెండో ఏట అసలు పన్ను వచ్చేసరికి దాని చోటు ఉండదు. చిగురులోనే ఇరుక్కుంటుంది, లేదా పన్ను మీద పన్నుగా పొడుచుకొస్తుంది. ఇది ఆపడానికి కావాల్సింది వెనక పంటికి ఒక ఉక్కు పట్టీ, దాని నుంచి ముందు పంటిని తాకేలా ఒక తీగ మెలిక. స్పేస్ మెయింటెయినర్ అంటారు. కొలత తీసుకున్నాక ల్యాబులో చేయించి రెండో రాకలో అతికిస్తారు. పన్ను మరీ పాడవకముందైతే పాలపన్నుకే వేరు శుభ్రం చేసి ఉక్కు టోపీ పెట్టి కాపాడొచ్చు. క్లిప్పుల ఖర్చులో చిన్న వంతుతో జరిగే పని ఇది. ఆర్థోడాంటిక్ వైద్యంలో అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా తక్కువ మంది చేయించేది ఇదే. బడికి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు చూసే జబ్బుల జాబితాలో 2013 నుంచి పుచ్చుపళ్ళూ ఉన్నాయి. వాళ్ళు రాసిచ్చే చీటీ పట్టుకుని తల్లిదండ్రులు ఎక్కడికైనా వెళ్తేనే ఉపయోగం.

ఎనిమిది నుంచి పదకొండేళ్ళ పిల్లల ముందు పళ్ళ మధ్య సందు కనిపిస్తే మాత్రం కంగారు అక్కర్లేదు. రాబోయే కోరపళ్ళు లోపలి నుంచి వేర్లను నొక్కడం వల్ల బయటికి కనిపించే పంటి భాగాలు విచ్చుకుంటాయి. కోరలు దిగాక చాలామందికి దానంతటదే మూసుకుంటుంది. పక్కింటివాళ్ళ మాట విని ఈ వయసులో అక్కడి కండ కోయించడం తొందరపాటు. నిజంగా భయపడాల్సింది ఇంకో దానికి. ఊళ్ళలో కొందరు ఆ రెండు పళ్ళకూ రబ్బరు బ్యాండు వేస్తారు. మొదటి వారం సందు చకచకా తగ్గుతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ పన్ను చిగురు వైపు వెళ్ళేకొద్దీ సన్నబడే ఆకారం. రబ్బరు జారి చిగురు కిందికి పోతుంది, కనపడదు. ఊడిపోయిందనుకుంటారు. అది వేరు వెంట పైకి పాకుతూ, పన్నును పట్టి ఉంచే ఆ పోగులను తెంపుకుంటూ పోతుంది. కొన్ని వారాల్లో చిగురు వాచి, చీము పట్టి, ముందు పళ్ళు రెండూ వదులై పొడుగ్గా దిగుతాయి. పళ్ళు పీకాక గానీ వేరు కొసన చుట్టుకున్న రబ్బరు దొరకని కేసులు దంత వైద్య పత్రికల్లో ఎన్నో ఉన్నాయి. పైసా ఖర్చు లేని రబ్బరుకు రెండు ముందు పళ్ళు.

ఎదిగే వయసులో దవడను కూడా కొంత సరిచేయవచ్చు. పై దవడ ఇరుకైతే అంగిలి మధ్య కుట్టును స్క్రూతో విప్పుతారు. ఒక్క తిప్పుకు పావు మిల్లీమీటరు. తాళంచెవి తిప్పేది అమ్మే. వారం తిరిగేసరికి ముందు పళ్ళ మధ్య పెద్ద సందు తెరుచుకుంటుంది. ముందే చెప్పకపోతే ఇంటిల్లిపాదీ హడలిపోతారు, కానీ పని జరుగుతున్నదనడానికి అదే గుర్తు. 1860లో అమెరికాలో ఎమర్సన్ ఏంజెల్ ఈ పని చేశానంటే తోటివాళ్ళు నమ్మలేదు. ఇప్పుడిది రోజూ జరిగేదే. పదిహేను పదహారేళ్ళు దాటాక కుట్టు బిగుసుకుపోయి కష్టమవుతుంది.

కింది దవడ వెనకబడి ఎత్తుపళ్ళు కనిపించే పిల్లలకు ట్విన్ బ్లాక్ ఇస్తారు. పైకొకటి, కిందికొకటి రెండు ప్లాస్టిక్ దిమ్మెలు. నోరు మూస్తే కింది దవడ ముందుకు జరిగి కూర్చోక తప్పదు. 1977లో స్కాట్లండ్‌లో విలియం క్లార్క్ దీన్ని మొదలుపెట్టాడు. దీంతో దవడే పెరుగుతుందని చాలాకాలం చెప్పుకున్నారు. బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలు, మార్పులో ఎక్కువ భాగం పళ్ళు వంగడం వల్లేనని, దవడ పెరిగింది కొద్దేనని తేల్చాయి. అయినా ఎత్తుపళ్ళ పిల్లాడు కిందపడితే ముందు పళ్ళే విరుగుతాయి. ఆ ప్రమాదం తగ్గడం చిన్న లాభం కాదు. నోటితో గాలి పీల్చే పిల్లల విషయంలో మాత్రం పళ్ళ డాక్టరుకంటే ముందు ముక్కు, చెవి, గొంతు డాక్టరును చూడాలి. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్లు అడ్డున్నాయేమో తేలకుండా క్లిప్పు పెట్టడంలో అర్థం లేదు.

గ్రహణమొర్రి పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. గ్రహణం రోజు తల్లి కత్తి పట్టుకోవడం వల్ల వస్తుందన్న నమ్మకం ఇంకా పోలేదు. గర్భం మొదటి మూడు నెలల్లో పెదవి, అంగిలి ముక్కలు కలుసుకోకపోవడమే దాని కారణం, ఆకాశంతో సంబంధం లేదు. పెదవి కుట్టడం మొదటి ఏడాదిలోనే అయిపోతుంది, అంగిలి ఆపరేషను కూడా ఆ తర్వాత ఎక్కువ ఆలస్యం చేయరు. ఫోటోలో అంతా అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ పళ్ళు కూర్చోవాల్సిన ఎముకలో చీలిక అలాగే ఉంటుంది. తొమ్మిది, పదకొండేళ్ళ మధ్య, కోరపన్ను దిగకముందే, తుంటి ఎముక నుంచి కొంత తీసి అక్కడ నింపాలి. దానికి ముందు పై దవడను వెడల్పు చేసి చోటు సిద్ధం చేసేది ఆర్థోడాంటిస్టే. హైదరాబాదులో స్మైల్ ట్రెయిన్ సంస్థ సాయంతో గ్రహణమొర్రి ఆపరేషన్లు ఉచితంగా చేసే ఆసుపత్రులున్నాయి. పెదవి బాగైందని మధ్యలో మానేస్తే కోరపన్ను ఎముక లేని చోటికి దిగి పోతుంది.

క్లిప్పులు వేసే రోజు చూడడానికి బాగుంటుంది. పన్ను తుడిచి ఆరబెట్టి, నీలి రంగు జెల్లు అద్దుతారు. అది ఫాస్ఫారిక్ ఆమ్లం. అర నిమిషంలో కడిగేస్తే మెరిసే పన్ను సుద్దముక్కలా తెల్లబడి ఉంటుంది. ఎనామిల్‌లో కంటికి కనపడని గుంటలు పడ్డాయన్నమాట. బ్రాకెట్‌ను, అంటే తీగను పట్టి ఉంచే చిన్న దిమ్మెను, అతికిస్తే ఆ గుంటల్లోకి జిగురు దిగి, నీలి వెలుగు తగలగానే గట్టిపడుతుంది. ఆమ్లంతో గుంటలు చేసి అతికించే ఈ కిటుకు 1955లో మైఖేల్ బ్యూనోకోర్ కనిపెట్టాడు. అది క్లిప్పులకు వాడకంలోకి రాకముందు ప్రతి పంటికీ చుట్టూ ఉక్కు పట్టీ తొడిగేవారు. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ ఎనామిల్ ఈ ఆమ్లానికి తేలిగ్గా లొంగదు, బ్రాకెట్లు ఊడుతూంటాయి. బ్రాకెట్ల గాడుల్లోంచి వెళ్ళే మొదటి తీగ నికెల్, టైటానియం కలిసిన నిటినాల్. దీన్ని అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ తయారుచేశాడు. 1970లలో జార్జ్ ఆండ్రియాసెన్ నోట్లోకి తెచ్చాడు. వంకర పళ్ళ వెంట ఎంత వంచినా తన పాత వంపు మరిచిపోదు, నోటి వెచ్చదనంలో నెమ్మదిగా అటే లాగుతుంది. ష్వార్ట్జ్ అడిగిన మెత్తటి బలం నిలకడగా ఇచ్చే తీగ చివరికి దొరికింది. ఖాళీలు మూసే రబ్బరు గొలుసుకు ఆ గుణం లేదు, తొలి రోజే సగం బలం పోగొట్టుకుంటుంది. నెలకోసారి మార్చాల్సింది అందుకే.

ఇక్కడే నారాయణఖేడ్ లెక్క అడ్డం తిరుగుతుంది. దసరా దాటాక చుట్టుపక్కల తండాల్లో ఎన్నో ఇళ్ళకు తాళాలు పడతాయి. కుటుంబాలకు కుటుంబాలే చెరకు కొట్టడానికి కర్ణాటక, మహారాష్ట్ర చక్కెర ఫ్యాక్టరీల వైపు వెళ్తాయి. పిల్లలూ వెంట వెళ్తారు. ఎండలు ముదిరేముందు గానీ తిరిగి రారు. నాలుగైదు నెలలు ఎవరూ చూడని క్లిప్పుల చుట్టూ పాచి పేరుకుంటుంది. బ్రాకెట్ల చుట్టూ ఎనామిల్ కరిగి తెల్ల మచ్చలు పడతాయి. తర్వాత క్లిప్పులు తీసినా మచ్చలు పూర్తిగా పోవు. ఒక బ్రాకెట్ ఊడి తీగ ఒకవైపే లాగితే, వరసలో ఉన్న పన్ను కూడా తిరిగిపోతుంది. అందుకే ఇక్కడి పిల్లాడికి ఎక్స్‌రే తీయడానికి ముందు డాక్టరు అడగాల్సిన ప్రశ్న: ఏ నెలల్లో ఊళ్ళో ఉంటారు? లాగే తీగ తీసేసి, పళ్ళను ఉన్నచోటే పట్టి ఉంచే ఉక్కు తీగ కట్టి పంపొచ్చు. వలస ఆగేదాకా అసలు వైద్యమే వాయిదా వేయొచ్చు. ఈ రెండూ పుస్తకంలో గొప్పగా కనిపించే పద్ధతులు కావు, కానీ ఆ పిల్లాడికి అవే మంచివి.

చెరకు కొట్టేవాళ్ళు చెరకు నమలకుండా ఉంటారా అన్నది మరో చిక్కు. ముందు పళ్ళతో చెరకు చీరితే బ్రాకెట్ నిలవదు. సంక్రాంతి మర్నాడు క్లినిక్కుల్లో ఊడిన బ్రాకెట్లతో కూర్చునేవాళ్ళను అడగండి, సకినాల పేరు చెప్తారు. కాల్చిన మక్క కంకి కూడా అంతే. గింజలు ఒలుచుకుని, సకినాలు చిన్న ముక్కలు చేసుకుని వెనక పళ్ళతో తింటే ఏ బాధా లేదు. జొన్నరొట్టె పప్పులో నానితే మరీ మంచిది.

జొన్నరొట్టె అనగానే గుర్తొచ్చే వాదం ఒకటుంది. నమలడం తగ్గడం వల్లే దవడలు చిన్నవై పళ్ళు గుంపు కడుతున్నాయని కొందరు మానవ శాస్త్రజ్ఞులు అంటారు. రాబర్ట్ కోరుచిని 1980లలో ఉత్తర భారతంలో పల్లె పిల్లల్నీ పట్నం పిల్లల్నీ పోల్చి, మెత్తటి తిండి తినే పట్నం వైపే పళ్ళ వరస ఎక్కువ చెడిందని రాశాడు. అంతకుముందే 1954లో ఆస్ట్రేలియా ఆర్థోడాంటిస్టు రేమండ్ బెగ్, అక్కడి ఆదివాసుల పళ్ళు ముతక తిండికి అరిగి చోటు మిగిల్చేవని వాదించాడు. ఆయన పేరుతో వచ్చిన క్లిప్పుల పద్ధతి మన దేశంలో చాలాకాలం చెలామణి అయింది. నారాయణఖేడ్ ఒకప్పుడు జొన్నరొట్టె, గట్క ఊరు. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం తెచ్చాక కంచంలో అన్నం పెరిగింది. దవడలు కూడా మారాయా అన్నది ఎవరైనా కొలిచి చూడాల్సిన మాట. నేను ఆ ఒక్క కారణాన్నే నమ్మను. తల్లి దవడ, తండ్రి పళ్ళ సైజు కలిసి పుట్టించే ఇరుకుకు ఏ రొట్టే మందు కాదు.

పెద్దవాళ్ళ కథ పెళ్ళిచూపులతో మొదలవుతుంది. "రెండు నెలల్ల సంబంధం వస్తుంది, అప్పటికి ఎత్తుపండ్లు లోపలికి పోవాలె" అని ఆడపిల్లను వెంటబెట్టుకుని వస్తారు. మగపిల్లాడిని అలా తెచ్చేవాళ్ళు తక్కువ. రెండు నెలలంటే రెండు మిల్లీమీటర్లు. అది వినలేక పళ్ళు అరగదీయించి టోపీలు తొడిగించుకుంటే, పుచ్చు లేని ఆరు పళ్ళు బతుకంతా కాపలా కాయాల్సిన పళ్ళవుతాయి. ఎముకలోని ఆ రెండు రకాల కణాలు నలభైలోనూ యాభైలోనూ పనిచేస్తాయి, మొదలుపెట్టడంలో కాస్త బద్ధకం చూపిస్తాయంతే. వయసు అడ్డం కాదు, చిగురు జబ్బు అడ్డం. నలభై దాటాక ఉన్నట్టుండి ముందు పళ్ళు విచ్చుకుంటే క్లిప్పుకంటే ముందు చిగుళ్ళ వైద్యం చేయించాలి. ఎముక కరుగుతూ ఉండగా పన్ను కదిపితే ఉన్నది కూడా పోతుంది. గుట్కా, పొగాకు మానకుండా మొదలుపెట్టడం డబ్బు దండగ. దవడే వెనకబడి ఉంటే పెద్దవాళ్ళకు ప్లాస్టిక్ దిమ్మెలు పనిచేయవు, దవడను ముందుకు తేవాలంటే ఆపరేషను ఒక్కటే దారి.

తీగ కనపడకూడదనుకునేవాళ్ళు ఇప్పుడు పారదర్శక తొడుగులు, అంటే అలైనర్లు అడుగుతున్నారు. 1997లో స్టాన్‌ఫర్డ్‌లో చదివిన జియా చిష్తీ, కెల్సీ వర్త్ పెట్టిన అలైన్ టెక్నాలజీ సంస్థతో ఇవి బజారుకొచ్చాయి. ఒక్కో తొడుగు పన్నును పావు మిల్లీమీటరు వరకు జరుపుతుంది, వారానికో రెండు వారాలకో మార్చాలి, తినేటప్పుడు తప్ప రోజూ ఇరవై రెండు గంటలు పెట్టుకోవాలి. వంద కిలోమీటర్లు పైబడి ప్రయాణం చేసేవాళ్ళకు ఇవి నిజంగా వీలే, ఒక్కసారే నాలుగైదు జతలు ఇచ్చి పంపొచ్చు. కానీ జేబులో పెట్టుకున్న తొడుగు ఏ పన్నునూ కదపదు. డాక్టరు ముఖం చూడకుండానే పోస్టులో తొడుగులు పంపే వ్యాపారం అమెరికాలో స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ పెద్ద ఎత్తున చేసింది. 2023 డిసెంబరులో అది మూతబడేసరికి వైద్యం సగంలో ఉన్నవాళ్ళు ఎటూ కాకుండా మిగిలారు. మన దగ్గరా ఇంటికొచ్చి అచ్చు తీసుకుంటామనే ప్రకటనలున్నాయి. ఎక్స్‌రే తీసి వేర్లు, చిగుళ్ళు చూడకుండా మొదలుపెట్టే ఏ తొడుగునూ నేను సిఫారసు చేయను.

క్లిప్పులు తీసిన రోజు మిఠాయిలు పంచుతారు. అసలు జాగ్రత్త ఆ రోజే మొదలు. పక్కకు తిప్పిన పళ్ళ చుట్టూ చిగురులోని పోగులు ఏడాది దాకా పాత చోటుకే లాగుతుంటాయి. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్ బృందం వైద్యం అయిపోయినవాళ్ళను పది, ఇరవై ఏళ్ళ తర్వాత పిలిచి చూస్తే, కింది ముందు పళ్ళు చాలామందికి మళ్ళీ గుంపు కట్టి ఉన్నాయి. అసలు క్లిప్పులే పెట్టించుకోనివాళ్ళకు కూడా వయసుతో పాటు ఆ పళ్ళు ఇరుకవుతూనే ఉంటాయి. అందుకని కింది ఆరు ముందు పళ్ళ వెనక, నాలుక వైపు, మెలితిప్పిన సన్న తీగను అతికించి వదిలేస్తారు. పై పళ్ళకు తీసి పెట్టుకునే ప్లేటు ఇస్తారు. కొన్ని నెలలు పగలూ రాత్రీ, తర్వాత రాత్రుళ్ళు. ఎన్నాళ్ళంటే, వరస అలాగే ఉండాలనుకున్నన్నాళ్ళు. ఆ తీగ వెనక గార తొందరగా పడుతుంది, ఆ గారను ఆర్నెల్లకోసారి తీయించాలి. ఒక పంటి దగ్గర జిగురు వదిలినా మిగతా ఐదు పట్టుకునే ఉంటాయి కాబట్టి మనిషికి తెలియదు. వారానికోసారి నాలుక కొసతో వెనక నుంచి తడిమి చూసుకుంటే ఎక్కడ వదిలిందో దొరుకుతుంది.